పరంగిమలై మీద ఎవరో కనిపించారు. తోమా సువార్త చదవొచ్చా?

కృష్ణాతీరం
మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. ఆదివారం ఆరాధన, బుధవారం కూటం తప్పని ప్రొటెస్టెంటు ఇల్లు. ఉద్యోగం చెన్నైలో. పోయినేడాది నాన్న పోయినప్పటి నుంచి నాకు ప్రార్థన నోటికి రావట్లేదు. మోకరిస్తే ఒక్కటే మాట వస్తుంది, ఎందుకు అని. కూటంలో ఇదే అడిగితే "సందేహపడితే సాతానుకి తలుపు తీసినట్టే సిస్టర్" అన్నారు.

ఆమధ్య ఒక సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా పరంగిమలై (అపొస్తలుడు తోమా పేరు మీదున్న సెయింట్ థామస్ మౌంట్) ఎక్కాను. భక్తితో కాదు, రూముకి వెళ్లబుద్ధి కాక. గుడి బయట పిట్టగోడ మీద కూర్చుని విమానాలు దిగడం చూస్తున్నా. పక్కన ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలీదు. గోళ్ల సందుల్లో ఎండిన సున్నం. ఒళ్లో ఇనప మూలమట్టం. నా వైపు చూడకుండానే "అడుగు తల్లీ, అడగడం మానకు" అన్నాడు. తెలుగులోనే. రుమాలుతో ముఖం తుడుచుకుని చూసేసరికి లేడు. నేను నిద్రలో లేను. భయమూ వేయలేదు. ఆ రాత్రి మనసారా ప్రార్థన చేసుకున్నాను.

తర్వాత చదివితే తెలిసింది, యేసు శిష్యుడు తోమాను కట్టడం పనివాడిగా చెప్పే పాత కథ ఒకటుందని, బొమ్మల్లో ఆయన చేతికి మూలమట్టం ఇస్తారని. ఒళ్లు జలదరించింది. కూటం పెద్దకి చెప్తే "సాతాను వెలుగుదూత వేషం వేసుకుంటాడు, ఇది సాక్ష్యంగా చెప్పొద్దు" అన్నారు. యూట్యూబులో ఇంకొకాయన "తోమా రాసిన అసలు సువార్తని చర్చి దాచేసింది" అంటున్నాడు.

నా ప్రశ్నలు రెండు. ఆ తోమా సువార్త నిజంగా తోమా రాసిందేనా, చదవొచ్చా? నాకు కనిపించింది దేవుని నుంచేనా?

బెరయవాడు
సిస్టర్, రెండో ప్రశ్న ముందు తీసుకుంటాను. 1 యోహాను 4:1 ప్రతి ఆత్మనూ నమ్మొద్దు, పరీక్షించమంటుంది. పరీక్ష అంటే వాక్యంతో సరిచూడటం. పరిశుద్ధులు ప్రభువులో నిద్రిస్తున్నారు. వాళ్లు వచ్చి మనకి సలహాలిస్తారని వాక్యం ఎక్కడా చెప్పదు. మీకు ఓదార్పు కలిగిందంటే సంతోషం. కానీ ఓదార్పు కలిగినంత మాత్రాన అది సత్యమైపోదు.

ఇక పుస్తకం. తోమా సువార్తని చదవొద్దని యెరూషలేము బిషప్పు సిరిలు నాలుగో శతాబ్దంలోనే చెప్పాడు. అది పన్నెండు మందిలో ఒకరిది కాదు, మానీ అనే వేరే మతస్థాపకుడి శిష్యుడిది అన్నాడు. దాచేశారన్నది యూట్యూబు మాట. పేరు పెట్టి, కారణం చెప్పి, బాహాటంగానే కాదన్నారు.

గుణదల_కొండ
@బెరయవాడు హెబ్రీ 12:1 చదవండి. మేఘంలాంటి సాక్షి సమూహం మనల్ని ఆవరించి ఉందని ఉంది. రూపాంతర కొండ మీద మోషే, ఏలీయా వచ్చి యేసుతో మాట్లాడలేదా? మేం ఆర్.సి.ఎం. (రోమన్ కాథలిక్) వాళ్లం. పునీతులు మనకోసం ప్రార్థిస్తారనే పెరిగాం. సిస్టర్ చెప్పింది విని నాకేమీ వింత అనిపించలేదు.

బెరయవాడు
ఆ కొండ మీద వాళ్లు మాట్లాడింది యేసుతో. పేతురుతో కాదు.

లైబ్రరీ_మూల
ముందు ఒక చిక్కు విప్పాలి. తోమా పేరు మీద కనీసం మూడు వేర్వేరు పుస్తకాలున్నాయి. వీటన్నిటినీ కలిపేసి మాట్లాడటం వల్లే సగం గొడవ.

ఒకటి తోమా సువార్త. 1945లో ఎగువ ఈజిప్టులో నాగ్ హమ్మాది దగ్గర ఎరువు మట్టి తవ్వుతున్న రైతులకి మూతేసిన కుండ దొరికింది. అందులో తోలు అట్టలున్న పాపిరస్ పుస్తకాలు, ఈజిప్టువాళ్ల పాత భాష కోప్టిక్‌లో. ఈ సువార్త వాటిలో ఒకటి. ఇందులో పుట్టుక లేదు, అద్భుతాలు లేవు, సిలువ లేదు, పునరుత్థానం లేదు. వరసగా 114 మాటలు, అంతే. చాలావాటికి ముందు "యేసు చెప్పెను". కొన్ని మత్తయి, లూకాల్లో ఉన్నవే: ఆవగింజ, విత్తువాడు, మంచి ముత్యం. కొన్ని ఎక్కడా లేనివి.

రెండోది తోమా పేరుతో ఉన్న బాల్య సువార్త. అయిదేళ్ల యేసు సబ్బాతు నాడు బంకమట్టితో పన్నెండు పిచ్చుకలు చేసి చప్పట్లు కొట్టి ఎగరేస్తాడు. నాగ్ హమ్మాది పుస్తకంతో దీనికి ఏ సంబంధమూ లేదు.

మూడోది తోమా కార్యములు. మూడో శతాబ్దం మొదట్లో, సిరియా ప్రాంతంలో, బహుశా ఎదెస్సాలో (ఇప్పుడు టర్కీలో ఉంది) రాసింది. ఇండియా కథ, కట్టడం పనివాడి కథ, ఈటెలతో చంపిన కథ అన్నీ ఇందులోవే. కృష్ణాతీరం గారు, మీకు కావలసింది సువార్త కాదు, ఈ మూడోది.

@బెరయవాడు సిరిలు చదవొద్దన్న మాట నిజమే. మానీ శిష్యుడు రాశాడన్నది మాత్రం కాలానికి పొసగదు. ఈజిప్టులోనే ఆక్సిరింకస్ చెత్తదిబ్బల్లో 1897లో, ఆ తర్వాతా ఇదే పుస్తకం గ్రీకు తునకలు దొరికాయి. వాటిలో ఒకటి సుమారు క్రీ.శ. 200 నాటిది. మానీ పుట్టిందే 216లో. అయినా తోమా స్వయంగా రాశాడని పండితుల్లో దాదాపు ఎవరూ అనరు. ఎక్కువమంది రెండో శతాబ్దం అంటారు, కొన్ని మాటలు మాత్రం అంతకంటే పాతవి కావచ్చంటారు.

కడప_చదువరి
మట్టి పిట్టల సంగతి మాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఖురాన్‌లో ఉంది, 3:49, 5:110. ఈసా అలైహిస్సలాం మట్టితో పిట్ట ఆకారం చేసి ఊదితే అల్లాహ్ అనుమతితో ప్రాణం వస్తుంది. మీ దాంట్లో కూడా ఉందని ఇవాళే విన్నా.

బెరయవాడు
మా దాంట్లో లేదన్నా. అదే కదా ఇక్కడ గొడవ :)

గుణదల_కొండ
"బైబిల్లో లేదు కాబట్టి వద్దు" అనేవాళ్లకి ఒక్క ప్రశ్న. మరియమ్మ తల్లిదండ్రులు ఎవరు? జోకీము, అన్నమ్మ అని మా ఇంట్లో పసిపిల్ల కూడా చెప్తుంది. నాలుగు సువార్తలు తిరగేయండి, ఆ పేర్లు లేవు. రెండో శతాబ్దపు యాకోబు ప్రథమ సువార్తలో ఉన్నాయి. పశువుల పాకలో ఎద్దు, గాడిద బొమ్మలు పెడతాం కదా, మీ చర్చిల్లో కూడా పెడతారు. లూకాలో తొట్టి ఉంది, ఎద్దు లేదు, గాడిద లేదు. పేతురుని తలకిందులుగా సిలువ వేశారని ప్రతి పాస్టరూ ప్రసంగంలో చెప్తాడు. అది పేతురు కార్యములలోది. అందరం ఈ పుస్తకాల అన్నమే తింటున్నాం, వండినవాళ్ల పేరు మాత్రం చెప్పం.

నల్గొండ_బిడ్డ
మా అమ్మకి పౌలు కలలో వచ్చిండు. ఆపరేషన్ ముందు రోజు రాత్రి. ఆరడుగుల ఎత్తు, తెల్లటి గడ్డం, చేతిలో కత్తి, అచ్చం మా ఇంటి క్యాలెండర్‌ల ఉన్నట్టే. "నా కృప నీకు చాలును అన్నడు బిడ్డా" అని చెప్పింది. భయపడకుండ థియేటర్‌లకి పోయింది, మంచిగ తిరిగొచ్చింది.

లైబ్రరీ_మూల
@నల్గొండ_బిడ్డ పౌలు–తెక్ల కథ అనే పాత పుస్తకంలో పౌలు రూపం రాసి ఉంది: పొట్టి మనిషి, బట్టతల, వంకర కాళ్లు, కలిసిపోయిన కనుబొమలు. అయినా ముఖంలో ఒక్కోసారి దేవదూత కళ కనిపించేదట. అమ్మగారికి క్యాలెండర్ పౌలు రావడంలో తప్పేం లేదు. ఎవరికి తెలిసిన ముఖంతో వాళ్లకి కనిపిస్తారు.

ఈ పుస్తకం సంగతే తొలినాళ్ల చర్చి రచయిత తెర్తుల్లియన్ రాశాడు. దాన్ని రాసింది ఆసియాలో (ఇప్పటి టర్కీ పడమటి వైపు) ఒక చర్చి పెద్ద. పట్టుబడ్డాక "పౌలు మీద ప్రేమతో రాశాను" అని ఒప్పుకుని పదవి వదులుకున్నాడు. నాకు ఈ మాట చాలా విలువైనదనిపిస్తుంది. ఇలాంటి పుస్తకాల్లో చాలా వాటి వెనక మోసం కంటే ప్రేమే ఎక్కువ. ప్రేమతో రాసినా, జరిగిందని చెప్పి రాస్తే మాత్రం చర్చి ఊరుకోలేదు. రెండూ గుర్తుంచుకోవాలి.

నల్గొండ_బిడ్డ
అమ్మకు చెప్తే "పొట్టోడైతేంది, మాట ఆయనదే" అంటున్నది 😀

హేతువు
నేను ఏ మతమూ పాటించను. ఎవరినీ నొప్పించడం నా ఉద్దేశం కాదు. దగ్గరివాళ్లు పోయాక పక్కన ఎవరో ఉన్నట్టు అనిపించడం, గొంతు వినిపించడం చాలామందికి జరుగుతుంది. అది పిచ్చి కాదు, జబ్బు కాదు. కృష్ణాతీరం గారు, మిమ్మల్ని ఒకటి అడగొచ్చా? మీ నాన్నగారు ఏం పని చేసేవారు?

కృష్ణాతీరం
తాపీ మేస్త్రీ.

హేతువు
అయితే ఆ చేతులు ఎవరివో మీకు నేను చెప్పక్కర్లేదు.

కృష్ణాతీరం
@హేతువు గారు, ఇదే ఆలోచించి ఆలోచించి ఇక్కడికొచ్చాను. నాన్న ముఖం నాకు తెలియదా? ఆ ముఖం నాన్నది కాదు. నాన్న నన్ను తల్లీ అనేవాడూ కాదు, "ఏమే" అనేవాడు. చేతులు మాత్రం... అవును. ఇక్కడే తోమా పేరున్న శాంథోమ్ గుడికి కాలేజీ రోజుల్లో ఒకసారి వెళ్లాను. అక్కడ బొమ్మ చూసి ఉండొచ్చు. అన్నీ నా లోపలి నుంచే వచ్చి ఉండొచ్చు. కానీ "అడగడం మానకు" అన్న మాట నా లోపల లేదు. ఆ రోజుల్లో నేను అడగడం మానేద్దామనే చూస్తున్నాను.

ఓక్లహోమా_అక్క
ఇది చదివి ఆఫీసులో కన్నీళ్లు ఆగలేదు. నాకు చెప్పడానికి ఏమీ లేదు, ఇక్కడున్నానని చెప్పడానికి రాశా.

అమరావతి_గాలి
అసలు విషయం ఎవరూ చెప్పట్లేదు. తోమా కార్యములలో ఆయన ఓడ దిగిన మొదటి ఊరు ఆంద్రాపోలిస్! అంటే ఆంధ్రా కాదా? శాతవాహనుల కాలమే కదా అది. మన కృష్ణా ముఖద్వారం రేవులకి రోము ఓడలు వచ్చేవి కూడా.

లైబ్రరీ_మూల
గ్రీకు ప్రతిలో ఆంద్రాపోలిస్. సిరియాక్ ప్రతిలో అదే ఊరు సందరూక్. పేరు వినడానికి మనదిలా ఉన్నంత మాత్రాన ఊరు మనది కాదు. అక్కడి నుంచి ఆయన చేరేది గుందఫర్ రాజు దగ్గరికి. ఆ రాజు కల్పితం అని చాలాకాలం అనుకున్నారు. పందొమ్మిదో శతాబ్దంలో ఆయన నాణేలు బయటపడ్డాయి, ఇప్పటి పాకిస్తాన్‌లోని తఖ్త్ ఎ బాహీ దగ్గర శాసనం దొరికింది. మొదటి శతాబ్దం, తక్షశిల వైపు ఏలిన పార్థియన్ రాజు. అంటే కథ రాసినవాళ్లకి వాయవ్యం నుంచి ఏవో నిజమైన జ్ఞాపకాలు అందాయి.

గోదావరి_గట్టు
రాముడు పర్ణశాలకి, పాండవులు ప్రతి గుట్టకీ, ఇప్పుడు తోమా అమరావతికి. మనోళ్లు ఎవర్నీ వదలరు 😄

మైలాపూర్_తెలుగు
గుందఫర్ సంగతి సరే, మద్రాసు మాటేంటి అని అడుగుతారు కాబట్టి చెప్తాను. మూడు తరాలుగా ఇక్కడే ఉంటున్నాం. కేరళ సంప్రదాయం ప్రకారం ఆయన క్రీ.శ. 52లో కొడుంగల్లూరు దగ్గర దిగి, 72లో ఇక్కడ మైలాపూరులో హతసాక్షి అయ్యాడు. తోమా కార్యములలో మైలాపూరు పేరు లేదు. మజ్దాయ్ అనే రాజు ఆజ్ఞతో నలుగురు సైనికులు ఊరి బయట కొండ మీదకి తీసుకెళ్లి ఈటెలతో పొడిచారని మాత్రం ఉంది. పదమూడో శతాబ్దం చివర్లో మార్కో పోలో ఈ తీరంలో తోమా సమాధి గురించి రాశాడు. యాత్రికులు ఆ చోటి ఎర్రమట్టి తీసుకెళ్లి జ్వరం వచ్చినవాళ్లకి నీళ్లలో కలిపి ఇచ్చేవారట. పరంగిమలై మీది రాతి సిలువ 1547లో పోర్చుగీసువాళ్లు తవ్వుతుంటే బయటపడింది, చుట్టూ పహ్లవీ (పాత పర్షియా) అక్షరాలు. ఎముకలు ఎదెస్సాకి వెళ్లాయని నాలుగో శతాబ్దంలోనే సిరియాక్ కవి ఎఫ్రేము పాడాడు. అక్కడి నుంచి గ్రీకు దీవి కియోస్‌కి, 1258లో ఇటలీలోని ఒర్తోనాకి చేరాయంటారు.

ఇన్ని చోట్ల తిరిగిన మనిషి ఒక సాయంత్రం పిట్టగోడ మీద కూర్చుంటే నాకు ఆశ్చర్యం లేదు. ఇది రుజువు కాదని తెలుసు. నా నమ్మకం చెప్పాను.

బెరయవాడు
ఒక మాట అడుగుతాను సిస్టర్. ఆయన తన పేరు చెప్పాడా?

కృష్ణాతీరం
లేదు.

బెరయవాడు
అంటే తోమా అన్నది మీరు తర్వాత పెట్టుకున్న పేరు. చూసింది చూసినట్టు చెప్పండి: "ఎవరో ఒకాయన కనిపించి అడగడం మానొద్దన్నాడు." అంతవరకే అయితే నేను కూడా మిమ్మల్ని కాదనలేను. అపొస్తలుడి పేరు చేర్చిన దగ్గరే ప్రమాదం మొదలవుతుంది.

చీరాల_చంటి
ప్రమాదం అంటే నేను చెప్తా. మా ఊరికి వచ్చిన ఒక బోధకుడు పేతురు తనకి దర్శనమిచ్చి, మా బాబాయి పొలంలో మందిరం కట్టమన్నాడని చెప్పాడు. బాబాయి అమాయకుడు, రోడ్డు పక్క చెక్క రాసిచ్చేశాడు. మందిరం లేదు, పొలం లేదు, ఆ బోధకుడూ లేడు. పిన్ని ఇప్పటికీ పేతురు పేరెత్తితే లేచి వెళ్లిపోతుంది.

ఓక్లహోమా_అక్క
@చీరాల_చంటి తమ్ముడూ, తేడా అక్కడే ఉంది చూడు. మీ బాబాయికి "కనిపించిన" పేతురు పొలం అడిగాడు. ఈ పిల్లకి కనిపించినాయన ఏమీ అడగలేదు. అడగమన్నాడు.

లైబ్రరీ_మూల
@బెరయవాడు పేరు గురించి మీరన్నది సరైన మాట. తోమా కార్యములలోనే దీనికి సరిపోయే ఘట్టం ఉంది. ఆ మొదటి ఊళ్లో రాజు కూతురి పెళ్లి. తోమా వచ్చి ప్రార్థించి వెళ్లిపోతాడు. అందరూ బయటికి వెళ్లాక పెళ్లికొడుకు గదిలోకి వస్తే, లోపల తోమాలా ఉన్న మనిషి పెళ్లికూతురితో మాట్లాడుతుంటాడు. "ఇప్పుడే కదా వెళ్లావు, మళ్లీ ఎలా వచ్చావు?" అంటే "నేను తోమాని కాను, అతని సోదరుణ్ణి" అంటాడు. అది యేసు. ఆ కథలో తోమా యేసుకి కవల, ఇద్దరిదీ ఒకే పోలిక. తర్వాత ప్రభువు మంచం మీద కూర్చుని వాళ్లిద్దర్నీ కుర్చీల్లో కూర్చోమంటాడు. అంత మామూలుగా రాశారు దాన్ని. ఆ పుస్తకం చదివినవాళ్లకి కనిపించింది తోమానా, ప్రభువా అన్న ప్రశ్నకి ఒక్క జవాబు ఉండదు.

చర్చికి ఇబ్బంది కలిగించిందీ అదే ఘట్టం. కుర్చీల్లో కూర్చోబెట్టి ఆయన చేసే బోధ, కాపురం చేయొద్దని. పుస్తకమంతా అదే పట్టు. మిగ్దోనియా అనే పెద్దింటి ఆవిడ భర్తని దూరం పెట్టడమే చివరికి తోమా చావుకి దారి తీస్తుంది.

గోదావరి_గట్టు
శోభనం గదిలో ఆ బోధ చేస్తే మా వైపు పెళ్లిపెద్దలు ఈటెల దాకా ఆగరండీ.

గుణదల_కొండ
@లైబ్రరీ_మూల మేస్త్రీ కథ చెప్పండి. ఆవిడ అడిగింది అదే కదా.

లైబ్రరీ_మూల
చెప్తాను. తోమా ఇండియా వెళ్లనంటాడు. నేను హెబ్రీవాణ్ణి, అక్కడివాళ్లకి ఏం చెప్పగలను అంటాడు. అప్పుడు యేసే హబ్బాన్ అనే వర్తకుడికి ఆయన్ని దాసుడిగా అమ్మేస్తాడు. ఏం పని వచ్చని వర్తకుడు అడిగితే, కర్రతో నాగళ్లు, కాడులు, తెడ్లు, రాతితో స్తంభాలు, గుళ్లు, రాజభవనాలు అంటాడు. గుందఫర్ రాజు భవనం కట్టమని చోటు చూపిస్తాడు. తోమా వాకిలి తూర్పున వస్తుంది, నీళ్లు ఉత్తరాన వస్తాయి అంటూ రెల్లుతో నేల మీద గీత గీసి కొలతలు వేస్తాడు. రాజు డబ్బు పంపుతూనే ఉంటాడు. తోమా దాన్ని ఊరూరా తిరిగి పేదలకి పంచేస్తాడు. కొన్నాళ్లకి పైకప్పు ఒక్కటే మిగిలిందని కబురు పెడితే రాజు ఇంకా పంపుతాడు. చివరికి వచ్చి చూస్తే అక్కడ ఏమీ లేదు. "నా భవనం ఏది?" "కట్టాను. ఇప్పుడు కనిపించదు, ఈ లోకం విడిచాక చూస్తావు." రాజు చెరలో వేయిస్తాడు. ఆ రాత్రే రాజు తమ్ముడు గాదు చనిపోతాడు. దేవదూతలు పరలోకంలో ఇళ్లు చూపిస్తే ఒక భవనం చూసి, దీని కింది గదిలోనైనా ఉండనివ్వండి అంటాడు. అది మీ అన్నది, తోమా కట్టింది అంటారు. దాన్ని అన్న దగ్గర కొనుక్కోవడానికి మళ్లీ బతికి వస్తాడు.

కృష్ణాతీరం
నాన్న జీవితమంతా వేరేవాళ్ల ఇళ్లు కట్టాడు. మా ఇంటి స్లాబు ఆయన పోయేనాటికీ పడలేదు. ఊళ్లో విధవరాళ్లు ఇద్దరికి కూలి తీసుకోకుండా గోడలు లేపాడని దినం రోజున వాళ్లు చెప్తేనే మాకు తెలిసింది. ఈ కథ జరిగిందో లేదో నాకు ఇప్పుడు అక్కర్లేదు అనిపిస్తోంది.

హేతువు
మీ నాన్నగారు మంచి మనిషి. ఇందులో మాత్రం నాకు ఏ సందేహమూ లేదు.

బెరయవాడు
నేను నా నియమం మార్చుకోను. ఈ పుస్తకాలు వాక్యం కావు. చదివితే తక్షశిల నాణెం చూసినట్టు చూడండి, ఆ కాలం తెలుస్తుంది. పునాది మాత్రం యోహాను 20 మీద వేసుకోండి.

అక్కడే మీ కూటం పెద్దకి చూపించాల్సింది ఒకటుంది. తోమా "చూస్తే గాని నమ్మను" అన్నాడు. ఆ మాటకి మిగతా పదిమంది ఆయన్ని గదిలోంచి పంపేయలేదు. ఎనిమిది దినాల తర్వాత తలుపులు మూసి ఉన్నప్పుడు తోమా వాళ్లతోనే ఉన్నాడని రాసి ఉంది. ఆ ఎనిమిది రోజులూ ఒక సందేహిని పక్కన పెట్టుకుని భోంచేశారు. ప్రభువు కూడా వచ్చి ముందు గాయాలు చూపించాడు, ఆ తర్వాతే మందలించాడు. అడిగేవాళ్లకి చోటులేని కూటం ఆ గదిలాంటిది కాదు. మీ పెద్దతో నన్ను మాట్లాడమంటే నంబరు మెసేజ్ చేయండి.

నల్గొండ_బిడ్డ
బ్రదర్ మీద కోపంతోని ఈ త్రెడ్ చదువుడు మొదలుపెట్టిన. గీ పోస్టుకు దండం.

కృష్ణాతీరం
@బెరయవాడు థాంక్స్ బ్రదర్. ముందు నేనే మాట్లాడతాను. ఈ బుధవారం సాక్ష్యం చెప్తాను. పేరు పెట్టను. చూసింది, విన్నది మాత్రమే చెప్తాను, నాన్న గురించి కూడా. వద్దంటే అప్పుడు మెసేజ్ చేస్తాను.

@లైబ్రరీ_మూల భవనం కథ ఏ అధ్యాయంలో ఉంది? మొత్తం చదవాలా?

లైబ్రరీ_మూల
17 నుంచి 29 దాకా. ముందు దాసుడిగా అమ్మిన కథ 1 నుంచి 3, పెళ్లి 4 నుంచి 16. చివరికెళ్లే కొద్దీ ప్రసంగాలు పొడుగ్గా ఉంటాయి. అక్కడ దాటేసినా ఫరవాలేదు, ముత్యం పాట మాత్రం వదలొద్దు, 108లో మొదలవుతుంది. సువార్త తర్వాత చదవండి. అందులో 97వ మాట దగ్గర ఆగండి: పిండి కుండ మోసుకెళ్తున్న ఆవిడ, దారిలో పిడి విరిగి పిండంతా వెనకాల కారిపోవడం, ఇంటికెళ్లి దించాక ఖాళీ కుండ. ఏ వివరణా లేదు. మీకేం తోచిందో ఇక్కడ రాయండి.

మైలాపూర్_తెలుగు
జులై 3 ఆయన పండుగ. మా ఇంటివాళ్లం ఏటా పరంగిమలై వెళ్తాం. అమ్మకి మోకాళ్ల నొప్పులు కాబట్టి మెట్లు కాకుండా కారు దారిలో వెళ్తాం, వెనక సీట్లో చోటుంది. ఏ చర్చి అని ఎవరూ అడగరు. వస్తానంటే ముందు రోజు చెప్పమ్మా.